మనోవ్యథ - సంకీర్తన గోష్ఠి

శ్రీమద్భాగవతము ప్రథమ స్కంధమున మిక్కిలి ఆలోచింపదగిన సన్నివేశమొకటి కలదు. వేదములను విభజించినవాడు, పంచమవేదమని పేరొందిన మహాభారతమును లోకమునకు ప్రసాదించినవాడు అగు వ్యాస భగవానుడు సరస్వతీ నదీతీరమున ఒంటరిగా కూర్చుండి చింతాక్రాంతుడై యున్నాడు. చేయవలసిన కార్యములన్నియు చేసియున్నాడు. వ్రతనియమములందు లోపము లేదు; గురుశుశ్రూషయందు లోపము లేదు; అగ్నికార్యములందు లోపము లేదు. అయినను ఆయన మనస్సునకు తృప్తి లేదు. కారణమేమో ఆయనకే స్పష్టముగా తెలియదు. అట్టి సమయమున వీణాపాణియగు నారద మహర్షి అచ్చటికి విచ్చేసెను. వచ్చినవాడు మొట్టమొదట అడిగిన దేమి? నీ శరీరమును, నీ మనస్సును తృప్తిగా నున్నవా అని.

మనము బంధువుల ఇంటికి పోయినప్పుడు ఆరోగ్యము బాగున్నదా అని అడుగుదుము. పంటలెట్లున్నవి, పిల్లల చదువు లెట్లున్నవి అని అడుగుదుము. కాని మనస్సు కుశలమా అని అడుగు అలవాటు మనకు లేదు. దేవర్షి శరీరమును, మనస్సును ఒకే ప్రశ్నలో చేర్చి అడిగెను. అంతటి జ్ఞానికి విచారమేమని ఆయన పరిహసింపలేదు. లోకమునకు బోధించు నీవే ఇట్లు కూర్చుండవచ్చునా అని సిగ్గుపడునట్లు చేయలేదు. వ్యాసుని ప్రక్కన కూర్చుండి తన బాల్యమును చెప్పెను: తాను పూర్వజన్మమున ఒక దాసీపుత్రుడనని, చాతుర్మాస్యమున వచ్చిన సాధువులకు సేవచేయుచు వారు గానము చేసిన కృష్ణకథలను వింటినని, చిన్ననాటనే తల్లి సర్పదష్టయై మరణింపగా ఒంటరివాడనైతినని. అటుపిమ్మట, భగవద్గుణములను మనసార కీర్తింపుమని ఉపదేశించెను. ఆ ఉపదేశ ఫలమే శ్రీమద్భాగవతము. పరీక్షిన్మహారాజు ఏడుదినములు విన్నదియు, మన పోతనామాత్యుడు తెనిగించినదియు ఆ గ్రంథమే. ఒక మహాత్ముని మనోవ్యథకు ఒక తోడును, ఒక గానమును లభించుటచేత పుట్టిన గ్రంథమును మనము ఇంటింట పూజించుచున్నాము. కాని మన ఇంటిలో ఒకరు అట్లే కూర్చుండిపోయినప్పుడు ఏమి చేయుచున్నాము? ఈ ప్రశ్ననే నేడు మనము విచారింపవలసి యున్నది.

విషాదము దోషము కాదు

భగవద్గీత ప్రథమాధ్యాయమునకు అర్జున విషాదయోగమని పేరు. అవయవములు పట్టుదప్పుట, నోరెండుట, శరీరము వణకుట, చర్మము మండుట, చేతినుండి గాండీవము జారుట, నిలువలేకపోవుట, మనస్సు తిరుగుచున్నట్లుండుట - ఇవన్నియు అర్జునుడు తన నోట చెప్పుకొన్న లక్షణములు. అతడు పిరికివాడు కాడు; భక్తిహీనుడు కాడు; సాక్షాత్తు పరమాత్మను సారథిగా పొందినవాడు. అట్టివానికిని అట్టి స్థితి కలిగెను. భగవానుడు రథమును విడిచి పోలేదు. అర్జునుని ప్రశ్నలన్నింటికిని ఓపికతో సమాధానము చెప్పెను. మనోవ్యథ కలవాడు పాపియనియు, భక్తి చాలనివాడనియు తలచుట మన శాస్త్రమునకు సమ్మతము కాదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున ఇట్టి బాధ ఎందరికి కలదో తెలిసికొనుటకు బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16 సంవత్సరములలో 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించెను. వయోజనులలో నూటికి 10.6 మందికి ఏదో యొక మానసిక రుగ్మత ఉన్నట్లు అందు తేలినది. అనగా పదిమంది కూర్చున్న పంక్తిలో ఒకరు. అట్టివారిలో చికిత్స అందనివారు, రుగ్మతను బట్టి, నూటికి 70 నుండి 92 మంది వరకు ఉన్నారని కూడ ఆ సర్వే తెలిపెను. వారందరు ఎచ్చటనున్నారు? ఇండ్లలోనే యున్నారు. పెండ్లికి పిలువబడక, నలుగురిలోనికి తీసికొనిపోబడక, వెనుకగదిలో నున్నారు. చుట్టము వచ్చి అడిగినచో, తలనొప్పిగా నున్నది, పడుకొన్నది అని ఇంటివారు చెప్పుదురు. ఇంటివారిది కాఠిన్యము కాదు, భయము. చెల్లెలి వివాహమునకు అడ్డు వచ్చునేమో యను భయము, లోకము నవ్వునేమో యను భయము. కాని ఆ భయముచేత తలుపు మూయబడినకొలది లోపలివారి వ్యథ పెరుగునేగాని తరుగదు.

గోదాదేవి తలుపు తట్టిన తీరు

శ్రీవైష్ణవ గృహములలో ధనుర్మాసమున తిరుప్పావై పారాయణము చేయని వారుండరు. ముప్పది పాశురములలో ఆరవది మొదలు పదునైదవది వరకు గల పది పాశురములలో గోదాదేవి చేయుచున్న పని ఏమి? ఒక్కొక్క ఇంటి ముంగిట నిలిచి, ఇంకను రాని ఒక్కొక్క చెలిని మేలుకొలుపుచున్నది. తాను ముందుగా మేల్కొన్నది. తనకు వ్రతవిధానము తెలిసినది. నేరుగా నందగోపుని భవనమునకు పోవచ్చును. కాని పోలేదు. భగవదనుభవము ఒంటరిగా పొందదగినది కాదనియు, గోష్ఠితో కూడి పొందదగినదనియు మన పూర్వాచార్యులు ఈ పాశురములకు తాత్పర్యము చెప్పియున్నారు.

తొమ్మిదవ పాశురమును ప్రత్యేకముగా గమనింపుడు. చుట్టును దీపములు వెలుగుచున్నవి, ధూపము పరిమళించుచున్నది, మణిమయమైన మేడ, మెత్తని పాన్పు. అన్నియు ఉన్నవి. అయినను ఆ ఇంటి బిడ్డ లేచుట లేదు. అప్పుడు గోదాదేవి ఆ బిడ్డ తల్లిని అత్తా అని పిలిచి అడుగుచున్నది: నీ కూతురు మూగదా, చెవిటిదా, అలసటతో నున్నదా, లేక ఏదైన మంత్రమునకు లోబడి ఈ దీర్ఘనిద్రలో పడినదా అని. సంపద కొరతలేని ఇంట కూడ లేవలేని బిడ్డ యుండవచ్చును. ఏమి లోటని ఇట్లు పడుకొన్నది అని మనము విసుగుకొందుము. గోష్ఠి విసుగుకొనక, తల్లితో మాటలాడి, అచ్చటనే నిలిచి భగవన్నామములను పాడినది. పదవ పాశురమున, తలుపు తీయకపోయినను ఒక మాటయైన పలుకరాదా అని లోపలి చెలిని అడిగినది. తలుపు తీయుట కష్టమైనచో తీయవలదు. ఒక్క మాట చాలును. ఇంత సుకుమారముగా అడుగుట మనకు తెలియవలెను. ఇక పదునైదవ పాశురమున లోపలి చెలి బదులు పలుకుచు, అందరును వచ్చినారా అని అడుగగా, వచ్చితిమి, నీవే వచ్చి లెక్కించుకొనుమని బయటివారు చెప్పుచున్నారు. ఎవ్వరిని విడువకుండుటయే ఆ గోష్ఠి ధర్మము.

నేడు దేశదేశములలో జరుగుచున్న సేవ

భక్తమహాశయులారా! గోదాదేవి చూపిన ఈ మార్గమును పోలినదే యొకటి, మతప్రసక్తి లేకుండ, నేడు అనేక సేవాసంస్థలు అనుసరించుచున్నవి. లాభాపేక్ష లేక, గానము, నృత్యము, చిత్రలేఖనము, నాటకము మొదలగు కళల ద్వారమున మనోవ్యథ కలవారిని నలుగురిలోనికి తెచ్చుట వారి పని.

ఇంగ్లండులోని నార్ఫోక్ ప్రాంతమున సింగ్ యువర్ హార్ట్ ఔట్ అను సంస్థ కలదు. ఒక మానసిక చికిత్సాలయములో ప్రారంభమైన గానగోష్ఠి క్రమముగా ఊరిలోనికి వచ్చి వారము వారము జరుగు సమావేశములుగా విస్తరించినది. వ్యాధిగ్రస్తులు, వారి సంరక్షకులు, వైద్యశాల ఉద్యోగులు, సామాన్య జనులు అందరును కలిసి పాడుదురు. ఎవరు వ్యాధిగ్రస్తులో ఎవరు కారో ఎవరును అడుగరు. కంఠపరీక్ష లేదు. సభలో పాడితీరవలెనను నిర్బంధము లేదు. ఈ సంస్థను పరిశీలించిన పండితులు 2018లో ప్రకటించిన వ్యాసములో, అచ్చటికి వచ్చువారి మనఃస్థితి నిలకడగా నుండుటకో మెరుగుపడుటకో ఆ గోష్ఠి తోడ్పడినదని వ్రాసిరి. మన భజనమందిరములో కూడ ఇంతే కదా! తాళము పట్టుకొని కూర్చున్నవానిని, నీ కులమేమి, నీ చదువేమి, నీ రోగమేమి అని అడుగరాదు.

లండన్ నగరమున ప్రసవానంతరము మనస్సు క్రుంగిన 134 మంది తల్లులపై జరిగిన పరిశోధన యొకటి 2018లో వెలువడినది. వారిని మూడు బృందములుగా చేసిరి. ఒక బృందము తల్లులు పది వారములు తమ శిశువులతో కలిసి కూర్చుండి పాటలు పాడిరి. మరియొక బృందము వారు ఆటలాడిరి. మూడవ బృందమునకు మామూలు సంరక్షణ మాత్రము లభించెను. కాలక్రమమున అన్ని బృందములవారును కోలుకొనిరి గాని, వ్యథ ఎక్కువగా నున్న తల్లులలో పాడినవారు త్వరగా కోలుకొనిరి. ఇది చదివినప్పుడు మన ఇండ్లలోని లాలిపాటలు జ్ఞప్తికి రాక మానవు. గోదాదేవి తండ్రియగు పెరియాళ్వారు యశోదాదేవి భావమున చిన్నికృష్ణునికి లాలిపాట పాడెను. లాలిపాట బిడ్డ నిద్రకొరకే యని మనము తలచితిమి. అది తల్లి మనస్సునకును ఊయల యని ఇప్పుడు తెలియుచున్నది. పురుటిగదిలో బాలింతను ఒంటరిగా విడువక, ముత్తైదువులు కూర్చుండి పాటలు పాడు ఆచారమును ఛాదస్తమని విడిచివేసిన వారు మరల ఆలోచింపవలెను.

మన దేశమునందును ఇట్టి సేవ లేకపోలేదు. 2004లో స్థాపింపబడిన కోల్‌కతా సాన్వేద్ అను సంస్థ, హింసకును అక్రమ రవాణాకును గురియైన స్త్రీలకు, బాలికలకు నృత్యము ద్వారమున మనోబలము కలిగించుచున్నది. నృత్యముతో నామసంకీర్తనము చేయుచు వీధులలో నడచిన శ్రీకృష్ణచైతన్య మహాప్రభువు అవతరించిన వంగదేశముననే ఈ సేవ జరుగుట గమనింపదగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా కార్యాలయము 2019లో ప్రకటించిన నివేదికలో, కళలకును ఆరోగ్యమునకును గల సంబంధమును గూర్చిన 3000కు పైబడిన పరిశోధనలను క్రోడీకరించి, వ్యాధి నివారణయందును చికిత్సయందును కళలకు స్థానము కలదని నిర్ణయించిరి.

ఆలయముల చెంత

మనోరోగులను ఆలయమునకు తెచ్చు ఆచారము దక్షిణదేశమున ప్రాచీనమైనది. తిరుచిరాపల్లి సమీపమున గుణశీలమను దివ్యస్థలమున ప్రసన్న వేంకటాచలపతి సన్నిధిలో మనోరోగులు 48 దినములు నివసించి, స్వామి తీర్థమును స్వీకరించు సంప్రదాయము కలదు. ఆలయము చెంత వారికొరకు పునరావాస కేంద్రమును కలదు.

తమిళనాడులోనే ముత్తుస్వామి ఆలయమున నివసించిన 31 మంది రోగులను నిమ్‌హాన్స్ వైద్యులు పరిశీలించి 2002లో తమ ఫలితములను ప్రకటించిరి. అచ్చట వారికి మందులు ఇవ్వలేదు. ఉదయమున స్వల్పమైన పూజ. తరువాత ఆవరణ శుభ్రపరచుట, మొక్కలకు నీరుపోయుట వంటి తేలికపనులు. భయపెట్టనివారి నడుమ నివాసము. సగటున ఆరు వారములు నివసించిన పిమ్మట వారి వ్యాధిలక్షణములు సుమారు ఐదవ వంతు తగ్గినట్లు వైద్యులు గుర్తించిరి. ఆదరముతో కూడిన పరిసరమే అందులకు కారణమని వారు భావించిరి. మందు అక్కరలేదని దీని అర్థము కాదు. ఐదవ వంతు తగ్గినది, నాలుగు వంతులు మిగిలినవి. కాని ఆదరమునకు కొలవదగినంత శక్తి కలదని దీనివలన తేటతెల్లమగుచున్నది.

ఆదరము లోపించినచోట ఏమగునో కూడ మనము మరువరాదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో, యాత్రాస్థల సమీపమున ప్రైవేటుగా నడుపబడుచుండిన ఒక గృహమున అగ్ని చెలరేగెను. గొలుసులతో బంధింపబడియుండుటచే పారిపోలేక 28 మంది దగ్ధులైరి. ఇది ఏ యొక్క మతమువారి దోషమును కాదు. మనోరోగిని మనుష్యుడుగా చూడని సమాజమంతటి దోషము. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2018 మే 29 నుండి అమలులో నున్నది. గొలుసులతో బంధించుటను అది పూర్తిగా నిషేధించినది. ఇనుప గొలుసును చట్టము త్రెంపగలదు. వెనుకగది తలుపును మాత్రము మనమే తెరువవలెను.

సంకీర్తనము మందునకు బదులు కాదు

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. భగవన్నామమే దివ్యౌషధమని పెద్దలు చెప్పియుండగా వైద్యుని యొద్దకు పోవుట విశ్వాసలోపము కాదా యని కొందరు భక్తులు అడుగుదురు. ఈ సందేహమువలన మందు మానిపించి, ఉన్న వ్యాధిని ముదరబెట్టుకొన్న కుటుంబములు లేకపోలేదు. కనుక దీనిని స్పష్టముగా విచారింతము.

చరకసంహిత చికిత్సను మూడు విధములుగా చెప్పుచున్నది. మంత్రము, హోమము, ఉపవాసము, ప్రణిపాతము మొదలగునవి దైవవ్యపాశ్రయము. ఆహారమును, ఔషధమును తగినట్లు కూర్చుట యుక్తివ్యపాశ్రయము. అహితమైన విషయములనుండి మనస్సును మరలించుట సత్త్వావజయము. మూడింటిని చెప్పిన ఋషి ఒకటి చాలునని రెంటిని త్రోసివేయలేదు. మరియు క్షీరసాగర మథనమున అమృతకలశముతో ఆవిర్భవించి ఆయుర్వేదమును ప్రవర్తింపజేసిన ధన్వంతరి శ్రీమహావిష్ణువు అంశయే కదా! అట్లయినచో వైద్యుని చేతి మందును హరిప్రసాదమే. గర్భగుడిలోని తీర్థమును స్వీకరించి వైద్యుడిచ్చిన మాత్రను పారవేయువాడు, హరి యొక చేత ఇచ్చినదానిని పుచ్చుకొని మరొక చేత ఇచ్చినదానిని త్రోసివేయుచున్నాడు.

మరి సంకీర్తనము చేయునదేమి? మందు చేయలేని పనిని చేయును. ఒంటరితనమును పోగొట్టును. నలుగురితో కలిసి పాడునప్పుడు శ్వాస నలుగురి శ్వాసతో కలియును. చెక్కభజనలో ప్రక్కవాని అడుగుతో తన అడుగు కలియవలెను గనుక, తన వ్యథలో మునిగియున్న మనస్సు ఒక్క క్షణమైన బయటికి వచ్చును. హరికథలో సీతమ్మ అశోకవన దుఃఖమునకు సభయంతయు కన్నీరు పెట్టునప్పుడు, తన కన్నీటికి కారణము చెప్పుకొనలేనివాడు కూడ సిగ్గుపడక ఏడ్వగలడు. శనివారము సాయంకాలము నాకొరకు ఒక స్థానము, ఒక జత తాళములు వేచియున్నవను భావము, మంచము విడిచి లేచుటకు ఒక కారణమగును.

మన భజనమండలుల కర్తవ్యము

ప్రతి గ్రామమున భజనమండలి యున్నది. పట్టణములలో తిరుప్పావై గోష్ఠులు, విష్ణుసహస్రనామ పారాయణ సంఘములు ఉన్నవి. క్రొత్త సంస్థలు స్థాపింపనక్కరలేదు. ఉన్న గోష్ఠులయందే కొన్ని నియమములను పాటించిన చాలును.

మొదటిది: రానివారిని లెక్కించుట. ఎవరు వచ్చినారని కాక, ఎవరు రాలేదని చూడవలెను. రెండు మూడు వారములు రానివారి ఇంటికి ఇద్దరు పోయి పలుకరింపవలెను. ఏమి జరిగినదని గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. వచ్చి కూర్చుండిన చాలునని చెప్పవలెను. ఆ దినము తలుపు తెరువకపోయిన మరియొక దినము పోవలెను.

రెండవది: వచ్చినవారిని పరీక్షింపకుండుట. శ్రుతి కలియనివాడుండును, మధ్యలో లేచిపోవువాడుండును, ఒక్కొక్కప్పుడు బిగ్గరగా మాటలాడువాడుండును. ప్రక్కన నెమ్మదిగల ఒకరు కూర్చుండి, అవసరమైనచో బయటికి తీసికొనిపోయి మంచినీరిచ్చి మరల తీసికొనిరావలెను. పాడలేనివానికి తాళమో, దీపమునకు నూనెపోయు పనియో, పుష్పములు కూర్చు పనియో, ప్రసాదము పంచు పనియో ఇవ్వవలెను. సేవ పొందువాడుగా కాక సేవ చేయువాడుగా నున్నప్పుడే మనుష్యునికి తన విలువ తెలియును.

మూడవది: ఇంటివారిని కూర్చుండబెట్టుకొనుట. రోగిని చూచుకొను తల్లియో భార్యయో ఏండ్లకొలది నిద్రలేక యుండును. ఆమె ఒక గంట కన్నులు మూసికొని కీర్తన వినునట్లు చేయుట కూడ గోష్ఠి సేవయే.

నాలుగవది: వైద్యసహాయము చూపుట. జీవితము చాలుననిపించుచున్నదను మాట ఎవరి నోటనైన విన్నచో, అది మాటవరుసకు అన్నదని త్రోసివేయరాదు, వారిని ఒంటరిగా విడువరాదు, ఉపన్యాసము చెప్పరాదు. వెంటనే వైద్యుని చెంతకు చేర్పవలెను. భారత ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో రాత్రింబవళ్లు, ఉచితముగా, తెలుగులోనే సలహా లభించును. ప్రతి భజనమందిరమున ఈ సంఖ్యను పంచాంగము ప్రక్కన వ్రాసి యుంచుట మంచిది.

శ్రవణమును, కీర్తనమును నవవిధ భక్తులలో మొదటివి. తనయందు చిత్తము నిలిపిన భక్తులు ఒకరికొకరు బోధించుకొనుచు, తన్ను గూర్చి చెప్పుకొనుచు సంతోషింతురని గీతాచార్యుడు పదవ అధ్యాయమున సెలవిచ్చెను. ఒకరికొకరు అనుటలోనే అంతయు ఉన్నది. బలముగలవాడు బలము లేనివానికి చేయు ఉపకారము కాదిది. నేడు తాళము వేయువాడు రేపు తలుపు మూసికొన్నవాడు కావచ్చును. వ్యాసునకే తప్పనిది మనకు తప్పునా?

రాబోవు ధనుర్మాసమున వేకువజామున పదునైదవ పాశురము పఠించునప్పుడు, గోష్ఠిలో నిలిచిన ప్రతియొక్కరు ఒకసారి చుట్టును చూచి లెక్కింపుడు. ఏ వీధిలో ఏ ఇంటి తలుపు మూయబడి యున్నదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ దినముననే పోయి ఆ తలుపు తట్టుడు. తలుపు తట్టు చేతికి ఓపికను, లోపలివారికి ఒక్క మాట పలుకు శక్తిని శ్రీ గోదాదేవీ సమేతుడైన శ్రీరంగనాథుడు అనుగ్రహించుగాక!